తెర కదిలితే తల ఎందుకు తిరుగుతుంది?

వీడియో గేమ్ మొదలుపెట్టిన పావుగంటకే కడుపులో తిప్పి, నుదుట చెమట పట్టి, ఫోనో కంట్రోలరో పక్కన పడేసేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు దొరికే సలహాలు రెండే. ఒకటి "అలవాటైపోతుందిలే", రెండోది "నీ ఒంటికి పడదు, వదిలెయ్". రెండింటి వెనకా ఉన్న ఊహ ఒక్కటే: లోపం ఆడేవాళ్ల ఒంట్లో ఉందని. ఆ ఊహ తప్పని చెప్పే సాక్ష్యం వీడియో గేమ్‌లు ఇళ్లలోకి రాకముందే దొరికింది. అమెరికా నౌకాదళం పైలట్ల శిక్షణకు వాడిన బెల్ హెలికాప్టర్ సిమ్యులేటర్‌లో కూర్చున్నవాళ్లకు వికారం, తలతిప్పు వస్తున్నాయని 1957లో పరిశోధకులు నమోదు చేశారు. ఎక్కువగా బాధపడింది కొత్తగా చేరిన శిష్యులు కాదు, వాళ్లకు నేర్పే గురువులు. నిజమైన హెలికాప్టర్‌ను గాలిలో చాలాకాలం నడిపి, ఏ ఇబ్బందీ లేకుండా దిగినవాళ్లే నేల మీది యంత్రంలో కళవళపడ్డారు. ఒంటి బలహీనతే కారణమైతే ఈ లెక్క తిరగబడి ఉండాలి. హెలికాప్టర్ పక్కకు ఒరిగినప్పుడు ఒళ్లు ఎలా ఒరగాలో గురువుకు బాగా తెలుసు. కళ్లముందు దృశ్యం ఒరిగింది, ఒళ్లు ఒరగలేదు. తెలిసినవాడికే తేడా గట్టిగా తగిలింది. అంటే ఆటలో వచ్చే వికారం శరీరం చక్కగా పనిచేస్తున్నదనడానికి గుర్తు. సరిచేయాల్సింది దృశ్యాన్ని. ఆ పనికి కావలసిన మీటల్లో ఎక్కువ భాగం ఆట సెట్టింగ్స్‌లోనే ఉన్నాయి.

లోపలి చెవిలోని మూడు అర్ధవలయ కుల్యలు తల ఏ వైపు తిరిగిందో పసిగడతాయి. వాటి పక్కనున్న రెండు చిన్న సంచులు ముందుకు, వెనక్కు, పైకి, కిందికి సాగే కదలికనూ భూమ్యాకర్షణ దిశనూ చెబుతాయి. మెదడు ఈ కబురును కళ్లు చెప్పేదానితోనూ, మెడ, పాదాల కండరాలు చెప్పేదానితోనూ నిరంతరం సరిచూసుకుంటుంది. ఈ సరిచూతలో పొత్తు కుదరనప్పుడు ప్రయాణ వికారం పుడుతుందని పరిశోధకులు జేమ్స్ రీజన్, బ్రాండ్ 1975లో వెలువడిన తమ పుస్తకంలో వివరించారు. వాళ్ల సిద్ధాంతంలో చాలామంది వదిలేసే ముఖ్యమైన ముక్క ఒకటుంది. తేడా కంటికీ చెవికీ మధ్య మాత్రమే కాదు, ఈ క్షణంలో అందుతున్న కబుర్లకూ, పాత అనుభవం ప్రకారం అందవలసిన కబుర్లకూ మధ్య కూడా. లోపలి చెవి లేనిదే ఈ కథ నడవదని అంతకు చాలాముందే తేలింది. చెవుడున్న ఎంతోమందిని గిరగిర తిప్పినా తల తిరగలేదని మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1882లో రాశాడు. ఇక కన్ను ఒంటరిగా ఎంత మోసం చేయగలదో 1973లో జర్మన్ పరిశోధకులు బ్రాంట్, డిష్‌గాన్స్, కోనిగ్ చూపించారు. చారలున్న డోలు లాంటి గోడ చుట్టూ తిరుగుతుంటే, మధ్యలో కదలకుండా కూర్చున్న మనిషికి తానే తిరుగుతున్నట్టనిపిస్తుంది. చూపు మధ్యలో కనిపించే కదలిక కన్నా అంచుల్లో కనిపించే కదలికే ఈ భ్రమను బలంగా కలిగిస్తుందని వాళ్లు తేల్చారు. దీన్ని వెక్షన్ అంటారు. లోకాన్ని పాత్ర కళ్లలోంచే చూపించే ఫస్ట్ పర్సన్ ఆటలన్నీ నిలబడేది ఈ భ్రమ మీదే. ఆడేవాళ్లు కుర్చీలో ఉంటూనే పరిగెడుతున్నామనుకోవాలి. కాబట్టి వెక్షన్‌ను పూర్తిగా తీసేస్తే ఆట మిగలదు. తీసేయవలసింది అందులో అనవసరంగా కలిసిన భాగాన్ని.

ఏది అనవసరమో తేల్చడానికి ఘాట్ రోడ్డు సాయపడుతుంది. తిరుమల కొండ ఎక్కే బస్సులో వెనక సీట్లవాళ్లు కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంటారు, డ్రైవర్ మాత్రం నిబ్బరంగా ఉంటాడు. అవే మలుపులు, అదే కుదుపు. తేడా ఒకటే. స్టీరింగ్ తిప్పబోయే ముందే డ్రైవర్ మెదడుకు రాబోయే మలుపు తెలుసు, ప్రయాణికుడికి అది జరిగాకే తెలుస్తుంది. ఈ తేడా ఆటలోనూ ఉందా అని 2011లో ప్రచురితమైన ఒక ప్రయోగం పరీక్షించింది. కొందరు తెర మీద బండి నడిపారు. మిగతావాళ్లు ఆ ఆట రికార్డింగ్‌నే కూర్చుని చూశారు. తెర మీద కదలిక ఇద్దరికీ అచ్చంగా ఒక్కటే, వికారం మాత్రం చూసినవాళ్లకే ఎక్కువ. ఇక్కడి నుంచి ఒక పనికొచ్చే సూత్రం తీయవచ్చు. ఆడేవాళ్ల వేలు కోరిన కదలికను మెదడు చాలావరకు సర్దుకుంటుంది. వేలు కోరకుండా తెర తనంతట తాను చేసే కదలిక చెడ్డది. సెట్టింగ్స్ మెనూలోని ఒక్కో మీటనూ ఈ గీటురాయి మీద గీసి చూడాలి. అలా చూస్తే పెద్ద దోషులు టెక్స్చర్లూ నీడలూ కావని, ఆటను సినిమాలా చూపించాలని కలిపిన హంగులే దోషులని తెలుస్తుంది.

వాటిలో మొదటిది హెడ్ బాబ్, అంటే పాత్ర నడుస్తున్నప్పుడు దృశ్యం పైకీ కిందికీ ఊగడం. నడిచేటప్పుడు మన తల నిజంగానే ఊగుతుంది కదా, ఇందులో తప్పేముందని తయారీదారులు అనుకుంటారు. తల ఊగుతుంది, నిజమే. కానీ నడిచే మనిషికి వీధి ఊగుతూ కనిపించదు. ఎదురుగా ఉన్న దుకాణం బోర్డును నడుస్తూనే చదవగలం. తల కదిలిన సుమారు 10 మిల్లీసెకన్లలోనే లోపలి చెవి ఇచ్చిన కబురుతో కనుగుడ్లు ఎదురు దిశలో తిరిగి చూపును నిలబెడతాయి. శరీరంలోని అతి వేగవంతమైన ప్రతిచర్యల్లో ఇదొకటి. దీన్ని నడిపించేది కన్ను కాదు, చెవి. ఆటలో తల కదలలేదు, చెవి కబురు పంపలేదు, కనుగుడ్లు ఎదురు తిరగలేదు. ఊగుతున్న చిత్రం ఊగుతున్నట్టే కంటి తెర మీద పడింది. హెడ్ బాబ్ నడకను అనుకరించడం లేదు, లోపలి చెవి చెడిపోయిన మనిషి నడిచేటప్పుడు పడే బాధను అనుకరిస్తోంది. రెండు లోపలి చెవులూ దెబ్బతిన్న రోగులు నడుస్తుంటే లోకమంతా ఎగిరెగిరి పడుతున్నట్టుందని వైద్యులకు చెబుతారు. సహజంగా ఉంటుందని చేర్చిన హంగు ఒక జబ్బు లక్షణాన్ని ఆరోగ్యవంతుడి కళ్లముందు పెడుతోంది. కాబట్టి మార్చే మీటల్లో ఇది అన్నిటికన్నా ముందుండాలి. మైన్‌క్రాఫ్ట్‌లో దీన్ని వ్యూ బాబింగ్ అంటారు, ఒక్క నొక్కుతో ఆగిపోతుంది.

కెమెరా షేక్ కూడా ఈ జాతిదే. పేలుడు జరిగితే తెర వణకడం, దెబ్బ తగిలితే ఒరిగిపోవడం, వేగంగా పరిగెడితే చూపు కోణం దానంతట అది విచ్చుకోవడం, వీటిలో ఏదీ ఆడేవాళ్లు కోరింది కాదు. మోషన్ బ్లర్ సంగతి కాస్త మెలికగా ఉంటుంది. సినిమా కెమెరా ముందు వేగంగా సాగే వస్తువు అలుక్కుపోయినట్టు వస్తుంది, నిజమే. మనిషి కన్ను మాత్రం వస్తువు వెంటే జరుగుతుంది, వెంబడించినంతసేపూ అది స్పష్టంగానే ఉంటుంది. ఆటకు మన కన్ను ఎటు చూస్తోందో తెలియదు కనుక, మనం వెంబడిస్తున్న వస్తువును కూడా అలికేస్తుంది. ఒక దూరంలో ఉన్నదాన్నే స్పష్టంగా ఉంచి మిగతాదాన్ని అలికేసే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ చేసే తప్పు కూడా ఇదే: ఎక్కడ చూపు నిలపాలో కంటి బదులు యంత్రమే నిర్ణయించడం. బ్లర్ తీసేస్తేనే ఎక్కువ ఇబ్బందిగా ఉందని కొందరు ఆటగాళ్లు చెబుతారు. ఆ మాటను కొట్టిపారేయకూడదు. సెకనుకు 30 ఫ్రేమ్‌ల ఆటలో బ్లర్ లేకపోతే దృశ్యం మెట్లు మెట్లుగా దూకుతున్నట్టు కనిపిస్తుంది, అలుకుడు ఆ దూకుళ్లను కప్పేస్తుంది. అంటే అక్కడ బ్లర్ మరో లోపానికి వేసిన ముసుగు. ముందు ఫ్రేమ్ రేట్ పెంచి, తర్వాత బ్లర్ తీసేస్తే ఈ ఫిర్యాదు చాలావరకు పోతుంది.

ఇక అందరూ ముందుగా చెప్పే ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే చూపు కోణం దగ్గరకు వద్దాం. ఆటలోని కెమెరా ఎన్ని డిగ్రీల వెడల్పున లోకాన్ని చూస్తోందో చెప్పే అంకె ఇది. దీనితో పాటు లెక్కించాల్సిన రెండో కోణం ఒకటుంది, మన కంటి ముందు తెర నిజంగా ఆక్రమించే కోణం. 24 అంగుళాల మానిటర్ వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే అది 48 డిగ్రీలు ఆక్రమిస్తుంది. 55 అంగుళాల టీవీని రెండున్నర మీటర్ల దూరం నుంచి చూస్తే 27 డిగ్రీలే. అడ్డంగా పట్టుకున్న ఫోను ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే దాదాపు 28 డిగ్రీలు. 48 డిగ్రీల కిటికీలో 90 డిగ్రీల లోకాన్ని ఇరికిస్తున్నాం కాబట్టే వికారం వస్తుందని, రెండు కోణాలూ ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదని చాలాకాలంగా ఒక వాదన ఉంది. వినడానికి బాగుంటుంది. నెదర్లాండ్స్‌కు చెందిన బాస్ బృందం సరిగ్గా దీన్నే ఒక కంప్యూటర్ ఆటతో పరీక్షించి 2010లో ఫలితం ప్రకటించింది. తాము ఊహించినదానికి విరుద్ధంగా వచ్చిందని వాళ్లే నిజాయితీగా రాశారు. కోణాలు కలవనప్పుడు వికారం పెరగలేదు సరికదా, ఫలితం రెండోవైపు మొగ్గింది. కాబట్టి "ఎఫ్‌ఓవీ 90 పెట్టు, అంతా సర్దుకుంటుంది" అన్న సలహాను వేదవాక్కుగా తీసుకోవడానికి లేదు.

అలాగని ఆ సలహా పనికిరానిదీ కాదు. మలుపుకూ పరుగుకూ విడివిడిగా లెక్క వేస్తే ఈ గందరగోళం కొంత విడిపోతుంది. పాత్ర నిలబడ్డచోటే పక్కకు తిరిగిందనుకుందాం. 60 డిగ్రీల అమరికలో తెర మధ్యన ఉన్న దృశ్యం 90 డిగ్రీల అమరికతో పోలిస్తే సుమారు 1.7 రెట్లు వేగంగా జరుగుతుంది, ఎందుకంటే ఇరుకు కోణం దుర్భిణిలా లోకాన్ని పెద్దది చేస్తుంది. ఇప్పుడు అదే పాత్ర ఒక వరండాలో తిన్నగా పరుగెత్తిందనుకుందాం. పక్కగోడ తెర అంచుల్లో జారిపోయే వేగం ఈసారి 90 డిగ్రీల అమరికలోనే 1.7 రెట్లు ఎక్కువ. చూపు అంచుల్లోని కదలికే భ్రమను పెంచుతుందన్న 1973 నాటి మాటను దీనికి చేర్చండి. ఒకే మీట మలుపును నెమ్మది చేస్తూ పరుగును వేగం చేస్తోంది. తుపాకీ ఆటల్లో మౌస్‌ను ఒక్క విసురు విసిరితే పాత్ర గిర్రున వెనక్కి తిరుగుతుంది. అలాంటి చోట మలుపే ప్రధానం, కనుక కోణం పెంచితే హాయి. 2004లో వచ్చిన హాఫ్ లైఫ్ 2 మొదట 75 డిగ్రీలతోనే తెరుచుకుంటుంది. మెనూలో దాన్ని 90కి జరుపుకుని స్థిమితపడ్డవాళ్లు ఎందరో ఉన్నారు. రేసింగ్ ఆటల్లోనూ, సుదీర్ఘంగా పరుగులు తీసే ఆటల్లోనూ కోణం మరీ పెంచితే అంచులు సాగిపోయి ఎదురు ఫలితం రావచ్చు. అందుకే తనకు ఎప్పుడు తిప్పుతోంది, తిరిగేటప్పుడా, దూసుకుపోయేటప్పుడా అన్నది గమనించుకోవడం ఏ అంకె కన్నా విలువైనది. 90 నుంచి మొదలుపెట్టి, ఆ గమనింపును బట్టి ఐదైదు డిగ్రీలు జరుపుకోవడం సబబు.

ఫ్రేమ్ రేట్ విషయంలో ఇంత సందిగ్ధం లేదు. సెకనుకు 90 డిగ్రీల వేగంతో తిరిగితే 30 ఫ్రేమ్‌ల దగ్గర దృశ్యం ఒక్కో ఫ్రేముకు 3 డిగ్రీలు దూకుతుంది. 90 డిగ్రీల చూపు కోణంలో, 1920 పిక్సెళ్ల తెర మీద అది దాదాపు 50 పిక్సెళ్ల గెంతు. 60 ఫ్రేమ్‌ల దగ్గర ఆ గెంతు సగమవుతుంది, 120 దగ్గర పావు. గెంతు తగ్గడంతో పాటు వేలు కదిలిన క్షణానికీ తెర మారిన క్షణానికీ మధ్య జాప్యం కూడా తగ్గుతుంది. డ్రైవర్ స్టీరింగ్ తిప్పిన కాసేపటికి బస్సు తిరిగితే అతను కూడా ప్రయాణికుడే అయిపోతాడు. వీఆర్ హెడ్‌సెట్లలో 60, 90, 120, 180 ఫ్రేమ్‌లను పోల్చి 2023లో వెలువడిన ఒక అధ్యయనం 120 దగ్గర స్పష్టమైన మేలు కనబడుతుందని చెప్పింది. మామూలు తెరకు అంత అవసరం ఉండకపోవచ్చు, నిలకడైన 60 అయినా ఉండాలి. ఇక్కడ నిలకడ అన్న మాట ముఖ్యం. ఒక క్షణం 100, మరుక్షణం 40 అయ్యే ఆట కన్నా ఎప్పుడూ 60 దగ్గర ఆగే ఆట మెదడుకు నయం, ఎందుకంటే మెదడు అలవాటు చేసుకోగలిగేది మారని జాప్యానికే. దాని కోసం బొమ్మ అందాన్ని కొంత వదులుకోవలసి వస్తే వదులుకోవాలి. మన దగ్గర ఎక్కువమంది ఆడేది ఫోన్లలోనే కాబట్టి బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఉదాహరణ తీసుకుందాం. అందులో గ్రాఫిక్స్‌కు ఒక వరుస, ఫ్రేమ్ రేట్‌కు మరో వరుస ఉంటాయి. ఫ్రేమ్ రేట్ వరుసలో హై అంటే 30, అల్ట్రా అంటే 40, ఎక్స్‌ట్రీమ్ అంటే 60. కుర్రాళ్లు గెలుపు కోసం "స్మూత్ ప్లస్ ఎక్స్‌ట్రీమ్", అంటే గ్రాఫిక్స్ బాగా తగ్గించి ఫ్రేమ్ రేట్ పెంచి, పెట్టుకుంటారు. కడుపు కోసం కూడా సరైన జోడీ అదే. హెచ్‌డీఆర్ పెట్టి 30 ఫ్రేమ్‌లతో ఆడటం అందానికి ఆరోగ్యాన్ని తాకట్టు పెట్టడమే.

ఇప్పటిదాకా చెప్పింది చెడ్డ కదలికను తీసేయడం గురించి. కదలనిదాన్ని చేర్చడం కూడా ఒక మార్గం. 2008లో వచ్చిన మిర్రర్స్ ఎడ్జ్ ఆటలో పాత్ర మేడల మీద దూకుతూ, దొర్లుతూ ఉంటుంది. అలాంటి ఆటలో తెర మధ్యన ఒక చిన్న చుక్కను స్థిరంగా ఉంచారు, తుపాకీ గురి కోసం కాదు, చూపు ఆనడానికి. 2015లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు వీఆర్ దృశ్యంలో ఒక ముక్కును గీసి పెట్టారు. ముక్కు ఉన్న బృందం ఇబ్బంది లేకుండా ఎక్కువసేపు ఉండగలిగింది, అక్కడ ముక్కు ఉందన్న సంగతే చాలామంది గమనించలేదు. గదిలో దీపం వేసి ఉంచడమూ, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకోవడమూ పైసా ఖర్చు లేని ఇలాంటి ఉపాయాలే. 24 అంగుళాల తెరకు 60 బదులు 90 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే అది ఆక్రమించే కోణం 48 నుంచి 33 డిగ్రీలకు పడిపోతుంది. మిగతా చూపంతా కదలని గోడ, బల్ల, కిటికీలతో నిండుతుంది.

"ఇదంతా దేనికి, ఆడగా ఆడగా అదే పోతుంది" అనే వాదనలో నిజం లేకపోలేదు. నావికులకు సముద్రం అలవాటైనట్టే మెదడు కొత్త లెక్కలకు అలవాటు పడుతుంది. అయితే అలవాటు పడటానికి పనికొచ్చేది చిన్న మోతాదు. వికారం మొదలవగానే ఆపి, పూర్తిగా తగ్గాక మళ్లీ మొదలుపెట్టడం. పళ్లు బిగబట్టి రెండు గంటలు ఆడితే కొందరి మెదడు ఆ ఆటనే వికారంతో ముడివేసుకుంటుంది, ఆ తర్వాత ఆట పేరు చూస్తేనే కడుపులో దేవుతుంది. సరైన సెట్టింగ్స్ అలవాటుకు అడ్డుపడవు, ఆ చిన్న మోతాదును వీలు చేసేవి అవే. బస్సు ఎక్కేముందు వేసుకునే అవోమిన్ లాంటి మాత్ర ఆటకు కూడా వేసుకోవచ్చు కదా అంటే, ఆ మందు నిద్ర ముంచుకొచ్చేలా చేస్తుంది. మెనూలో ఒక మీట తిప్పితే పోయేదానికి రోజూ మందు మింగడం తెలివైన పని కాదు.

శాస్త్రం వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. వికారానికి కారణం ఇంద్రియాల మధ్య పొత్తు కుదరకపోవడం కాదు, ఒళ్లు నిలకడ తప్పడమని పరిశోధకులు రిచియో, స్టాఫ్రెగన్ 1991లో వాదించారు. ఆట ఆడేవాళ్ల శరీర ఊగిసలాటను కొలిచి, వికారం పాలైనవాళ్ల ఊగుడు వికారం రాకముందే భిన్నంగా ఉందని స్టాఫ్రెగన్ బృందం 2008లో చూపించింది. మూలమే తేలనప్పుడు నివారణ ఎలా చెబుతారని ఎవరైనా అడగవచ్చు. కానీ రెండు సిద్ధాంతాలూ ఆటగాడికి ఇచ్చే సలహా దాదాపు ఒక్కటే: అడగని కదలిక తగ్గించు, కదలని ఆధారం ఇవ్వు. దానికి రెండోది చేర్చే మాట కుర్చీకి వీపు బాగా ఆనించి కూర్చోమని. మరో లోటునూ ఒప్పుకోవాలి. ఇటీవలి పరిశోధనల్లో పెద్ద భాగం వీఆర్ హెడ్‌సెట్ల మీద జరిగింది, బల్ల మీది తెరలూ ఫోన్ల మీద జరిగింది తక్కువ. అందుకే ఇక్కడ చెప్పిన అంకెలు శాసనాలు కావు, ప్రయత్నం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే గుర్తులు.

కళ వైపు నుంచి కూడా ఒక మాట వినిపిస్తుంది. కెమెరా వణుకు, అలుకుడు, ఊపు అన్నీ సృష్టికర్త ఊహలో భాగమనీ, వాటిని తీసేస్తే ఆట ఆత్మ పోతుందనీ. సృష్టికర్త మీద గౌరవం ఉంచుకునే దీనికి జవాబు చెప్పవచ్చు. పదిహేను నిమిషాలకే లేచిపోయినవాళ్లకు ఆ ఊహలో ఒక్క ముక్క కూడా అందలేదు. 2020లో వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 కథలోనూ చిత్రణలోనూ సినిమాతో పోటీపడే ఆట. అందులోనే కెమెరా షేక్, మోషన్ బ్లర్ తగ్గించే మీటలు, మధ్యలో చుక్క పెట్టుకునే వీలు, ఇవన్నీ మోషన్ సిక్‌నెస్ పేరుతో ఒక్కచోట ఉన్నాయి. దానివల్ల ఆ ఆట స్థాయి ఏమీ తగ్గలేదు. అంత శ్రద్ధ అన్ని ఆటలకూ మామూలు కావాలి. భాష, శబ్దం, వెలుగు ఎంత కావాలో మొదటి తెర మీదే అడిగినట్టు, తెర ఎంత కదలాలో కూడా అక్కడే అడగాలి. హైదరాబాద్‌లో ఆటలు తయారుచేస్తున్న తెలుగు కుర్రాళ్లకు, అమ్మాయిలకు ఇది ప్రత్యేకమైన విన్నపం. హెడ్ బాబ్‌ను తీసేసే వీలు పెట్టడం కోడ్‌లో చాలా చిన్న పని.

ఆడేవాళ్లు మాత్రం అంతవరకు ఆగనక్కర్లేదు. ముందు హెడ్ బాబ్, కెమెరా షేక్ ఆపండి. తర్వాత ఫ్రేమ్ రేట్‌ను నిలకడ చేసి మోషన్ బ్లర్ తీసేయండి. చివరిగా చూపు కోణం జరపండి. ఒక్కసారి ఒక్క మీటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. ఆవలింతలు, చల్లటి చెమట, నోట్లో నీళ్లూరడం మొదలైతే అవి తొలి గుర్తులు, అక్కడే ఆపేయండి. ఇన్ని చేసినా తగ్గకపోతే ఆ ఆటను పక్కన పెట్టడంలో నామోషీ లేదు. ఆట ఆడని రోజుల్లో కూడా తల తిరుగుతున్నా, చెవిలో హోరు వినిపిస్తున్నా అది సెట్టింగ్స్‌తో పోయేది కాదు. చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌కు చూపించుకోండి.